మూసీ నీళ్ల పొలంలో లోహాలు: ఎరువులతో ఎంతవరకు తగ్గుతాయి, ఎక్కడ తగ్గవు

మీరు అడిగింది ముందు రెండు ముక్కల్లో చెప్తాను, తర్వాత చదివేవాళ్లకు కూడా పనికొస్తుంది. హైదరాబాద్ మురుగు మోసుకొచ్చే మూసీ కాలువ కింద, వలిగొండ వైపు మీకు మూడెకరాలు. రెండెకరాల్లో వానాకాలం, యాసంగి రెండూ వరే, మిగతా ఎకరంలో పాలకూర, తోటకూర, కొత్తిమీర. ఊళ్లో మీటింగ్ పెట్టి మీ మట్టిలో కాడ్మియం, సీసం ఉన్నాయని చెప్పిపోయారు. పోయిన యాసంగిలో కాలువ పక్క మడి పసుపెక్కింది. ఎరువుల షాపాయన మట్టిలో లోహాలను కడిగేస్తుందని ఒక బాటిల్ చూపించాడు. అది కొనాలా, లేక ఏదైనా ఎరువుతో లోహాలు తగ్గుతాయా అన్నది మీ ప్రశ్న.

బాటిల్ కొనకండి. కాడ్మియం, సీసం మూలకాలు. పురుగుమందు లాగా ఎండకు విరిగిపోవు, సూక్ష్మజీవులు తింటే అరిగిపోవు. మట్టిలో పడ్డవి మట్టిలోనే ఉంటాయి, లేదంటే పంటలోకి, బోరు నీళ్లలోకి పోతాయి, ఇంకో దారి లేదు. కడిగేస్తుందని అమ్మేవాటిలో ఈడీటీఏ లాంటిది ఉంటే అది సీసాన్ని మట్టి నుంచి విడదీసి నీళ్లలో కలుపుతుంది, అంటే ఇప్పటిదాకా మట్టికి అంటుకుని కదలకుండా ఉన్నదాన్ని మీ బోరు వైపు పంపిస్తుంది. అలాంటివి ప్రయోగశాలల్లో, కింద ప్లాస్టిక్ షీట్ వేసుకుని చేసే పనులు, పొలంలో చేసేవి కావు.

ఎరువులతో తగ్గుతాయా అంటే, మట్టిలో తగ్గవు, పంటలోకి పోయేది మాత్రం తగ్గించవచ్చు. కొన్నిసార్లు బాగానే తగ్గుతుంది. పోషకాలు చేసే పని అంతే, అది చిన్న పని కాదు. తప్పు ఎరువు వేస్తే అదే లోహం ఎక్కువ కూడా పోతుంది, మన దగ్గర జరుగుతున్నది ఎక్కువగా ఇదే.

ముందు ఆ పసుపు మడి సంగతి. పైరు పసుపెక్కితే లోహాలే కారణమని ఇప్పుడు అందరూ అనేస్తున్నారు, నేను అంత తొందరగా ఒప్పుకోను. కాడ్మియం, నికెల్ ఎక్కువైనా లేత ఆకులు ఇనుము లోపంలాగే తెల్లబడతాయి, నిజమే. కానీ మూసీ కింద వరి పసుపెక్కడానికి అంతకంటే మామూలు కారణాలు చాలా ఉన్నాయి. నాటిన రెండు నుంచి నాలుగు వారాల్లో ముదురు ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు వచ్చి మొక్క గిడసబారితే జింకు లోపం. లేత ఆకు ఈనెల మధ్య పాలిపోతే ఇనుము లోపం. మొక్క పీకి చూస్తే వేర్లు నల్లగా ఉండి కుళ్లిన గుడ్డు వాసన వస్తే అది మురుగు నీళ్ల వల్ల వచ్చే సల్ఫైడ్ పని, దానికి మందు నీళ్లు తీసి రెండు మూడు రోజులు ఆరగట్టడమే. ఆకు కొసలు ఎండుతుంటే ఉప్పు. ఇవన్నీ చూశాక కూడా అర్థం కాకపోతే అప్పుడు లోహం అనుకోవాలి. దీనికి రెండో వైపు కూడా ఉంది, అదే నాకు ఎక్కువ భయం: పైరు పచ్చగా, ఏపుగా, ఎకరాకు ముప్పై బస్తాలు ఇచ్చేలా ఉండి కూడా గింజలో కాడ్మియం ఉండవచ్చు. మనిషికి హాని చేసే మోతాదు మొక్కకు హాని చేసే మోతాదు కంటే చాలా తక్కువ. కాబట్టి పొలం చూసి ధైర్యం తెచ్చుకోవద్దు, పొలం చూసి టెన్షన్ పడొద్దు, రెండూ పరీక్షతోనే తేలాలి.

ఇప్పుడు అసలు విషయం. కాడ్మియం మొక్కకు అక్కర్లేదు, దానికోసం వేరులో ప్రత్యేకమైన దారి ఏదీ లేదు. జింకు, ఇనుము, మాంగనీసు, కాల్షియం లోపలికి పోవడానికి వేరు పెట్టుకున్న దారుల్లోనే ఇది కూడా దూరుతుంది, ఎందుకంటే నీళ్లలో కరిగినప్పుడు దాని సైజు, విద్యుత్ ఆవేశం వాటికి దగ్గరగా ఉంటాయి. మొక్కకు ఇనుమో జింకో తక్కువైతే వేరు ఏం చేస్తుందంటే ఆ దారులను ఇంకా ఎక్కువ తయారు చేసుకుంటుంది. ఆకలి మీదున్న మేక తుమ్మ కంపను కూడా నమిలినట్టు, జింకు దొరకని వేరు ఏది దొరికితే అది లాక్కుంటుంది. తెలంగాణ నేలల్లో జింకు లోపం మామూలే, సున్నపు పాళ్లు ఉన్న నల్లరేగడిలోనైతే ఇనుము కూడా దొరకదు. అందుకే లోహం కొంచెమే ఉన్న పొలంలో కూడా జింకు, ఇనుము కరువైతే గింజలోకి ఎక్కువ పోయే అవకాశం ఉంది.

వరిలో కాడ్మియం ప్రధానంగా మాంగనీసు దారిలో పోతుందని తేలింది. జపాన్‌లో ఆ దారి పనిచేయని కోషిహికారి రకాన్ని తయారు చేశారు, 2012లో దాని వివరాలు బయటికి వచ్చాయి, గింజలో కాడ్మియం దాదాపు లేకుండా పోయింది. ఆ దారి మూస్తే మాంగనీసు కూడా తక్కువ అందుతుంది కాబట్టి మాంగనీసు తక్కువున్న నేలలో ఆ రకానికి ఇబ్బంది. మొక్కలో పోషకం, విషం ఎంతగా పెనవేసుకుని ఉంటాయో దీన్నిబట్టి చూడండి.

సరే, జింకు వేసేద్దాం అంటే ఆగండి. మూసీ కింద ఒక మెలిక ఉంది. మురుగు నీళ్లతోపాటు జింకు కూడా వస్తుంది, కాలువ పక్క మడుల్లో అది ఇప్పటికే సరిపడా ఉండవచ్చు. జింకు కూడా ఎక్కువైతే భారలోహమే. అందుకని మట్టి పరీక్షలో డీటీపీఏ పద్ధతిలో (మొక్కకు దొరికే భాగాన్ని కొలిచే పరీక్ష) జింకు 0.6 పీపీఎం (కిలో మట్టికి మిల్లీగ్రాములు) కంటే తక్కువ వస్తేనే నేలలో వేయండి: ఆఖరి దమ్ములో ఎకరాకు 20 కిలోల జింక్ సల్ఫేట్, భాస్వరం ఎరువుతో కలపకుండా, మధ్యలో రెండు మూడు రోజులు తేడా ఉంచి. అంకె రెండు మూడు పీపీఎం దాటి ఉంటే నేలలో వేయడం డబ్బు దండగ. మధ్యలో ఉంటే, లేదా మురుగు నీళ్ల భాస్వరం వల్ల నేలలో జింకు ఉన్నా మొక్కకు అందకపోతే, లీటరుకు 2 గ్రాముల జింక్ సల్ఫేట్ పైరు మీద పిచికారీ చేయండి. పొట్ట దశలో ఒకసారి, పాలు పోసుకునేటప్పుడు ఒకసారి చేస్తే ఆకుల్లోని కాడ్మియం గింజకు పోవడం కూడా కొంత తగ్గుతుందని చాలా ప్రయోగాల్లో కనిపించింది, అన్నింట్లో కాదు. ఏమైనా గింజలో జింకు పెరుగుతుంది, తినేవాళ్లకు మంచిదే. ఒంట్లో జింకు, ఇనుము తక్కువున్న మనిషి కూడా అన్నంలోని కాడ్మియాన్ని ఎక్కువగా పీల్చుకుంటాడు, ఆ లెక్క మొక్కకూ మనకూ ఒకటే.

జింక్ సల్ఫేట్ కొనేటప్పుడు బిల్లు తీసుకోండి, పేరున్నదే కొనండి. జింకు ఖనిజంలో కాడ్మియం కలిసే ఉంటుంది, అసలు ప్రపంచంలో కాడ్మియం ఎక్కువగా వచ్చేదే జింకు శుద్ధి చేసేటప్పుడు. అందుకే ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో జింక్ సల్ఫేట్‌లో సీసం, కాడ్మియం ఎంతకు మించకూడదో హద్దు పెట్టారు. సగం ధరకు దొరికే సంచిలో ఆ హద్దు ఎవరు చూస్తారు? కొన్నిసార్లు అందులో ఉండేది మెగ్నీషియం సల్ఫేటే అనుకోండి, అది వేరే మోసం.

ఇనుము తక్కువైతే, ముఖ్యంగా ఆకుకూరల్లో, మెట్ట నారుమళ్లలో, లీటరుకు 5 గ్రాముల అన్నభేది (ఇనుప సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం పూట చల్లండి, వారం పది రోజుల్లో ఇంకోసారి. ముందు నాలుగు మొక్కల మీద చల్లి చూసుకోండి, ఆకుకూర లేత ఆకు మాడితే మార్కెట్లో ఎవరూ కొనరు. నేలలో వేస్తే సున్నపు నేల దాన్ని పట్టేసుకుంటుంది, వేసినా వేయనట్టే.

ఎరువుల కంటే పెద్ద పనిముట్టు వరి రైతు చేతిలో ఒకటి ఉంది, అది నీళ్లు. మడిలో నీళ్లు నిలిచి ఉంటే నేలలో గాలి అయిపోతుంది, గంధకం సల్ఫైడ్‌గా మారి కాడ్మియాన్ని పట్టుకుని కరగని ముద్ద చేస్తుంది. నీళ్లు తీసి ఆరగడితే గాలి తగిలి ఆ ముద్ద మళ్లీ కరుగుతుంది, సరిగ్గా అదే సమయంలో గింజ పాలు పోసుకుంటుంటే నేరుగా గింజలోకే. అందుకే కాడ్మియం ఉన్న ప్రాంతాల్లో జపాన్ రైతులు ఈనడానికి (వెన్ను బయటికి రావడానికి) మూడు వారాల ముందు నుంచి ఈనిన తర్వాత మూడు వారాల దాకా మడిలో నీళ్లు తగ్గనివ్వరు. అక్కడ ఆ జాగ్రత్త ఊరికే రాలేదు, జింత్సు నది కింద గని నుంచి వచ్చిన కాడ్మియం నీళ్లతో పండిన బియ్యం తిని ఎముకలు గుల్లబారిపోయిన జబ్బు చూశారు, 1968లో ప్రభుత్వమే దాన్ని కాలుష్యం వల్ల వచ్చిన జబ్బుగా ఒప్పుకుంది. మీకు చెప్పేది కూడా అదే. చిరు పొట్ట నుంచి గింజ గట్టిపడే దాకా మడి ఎండనివ్వకండి, కోతకు వారం పది రోజుల ముందు మాత్రమే నీళ్లు తీయండి.

మడిని తడిపి, ఆరనిచ్చి మళ్లీ తడపమని ఇప్పుడు అందరూ చెప్తున్న ఆరుతడి పద్ధతి దీనికి అడ్డం వస్తుంది, తెలుసు. బోరు కింద, మంచి నీళ్ల కింద ఆరుతడి మంచి పద్ధతే, నీళ్లు మిగులుతాయి, బియ్యంలో ఆర్సెనిక్ కూడా తగ్గుతుంది, ఎందుకంటే ఆర్సెనిక్ నడక కాడ్మియానికి సరిగ్గా ఉల్టా, నీళ్లు నిలిస్తే కరుగుతుంది, ఆరితే ఇనుముకు అంటుకుంటుంది. మీ పొలంలో ఏది ఎక్కువుందో చూసి నీళ్ల పద్ధతి ఎంచుకోవాలి. మన గ్రానైట్ నేలల్లో బెంగాల్లో ఉన్నంత ఆర్సెనిక్ గొడవ లేదు కాబట్టి, పరీక్షలో కాడ్మియమే కనిపిస్తే, ఈనిక సమయంలో మాత్రం ఆరుతడి మానేయండి. దుబ్బు చేసే దశలో ఆరగట్టుకున్నా నష్టం లేదు, సల్ఫైడ్ వాసన వస్తుంటే అప్పుడే ఆరగట్టాలి కూడా.

యూరియా సంగతికొస్తే లెక్క వేసి చూద్దాం. వరికి ఒక పంటకు ఎకరాకు సుమారు 4,850 ఘనపు మీటర్ల నీళ్లు పోతాయనుకోండి. ఆ నీళ్లలో లీటరుకు 20 మిల్లీగ్రాముల నత్రజని ఉంటే ఎకరాకు 97 కిలోల నత్రజని నీళ్లతోనే వస్తుంది, నాలుగున్నర బస్తాల యూరియాలో ఉన్నంత. అంతా మొక్కకు అందదు, చాలావరకు గాలిలోకి పోతుంది, అయినా సగం అందినా యాసంగి వరికి చెప్పే మోతాదు దాదాపు అక్కడే అయిపోతుంది. దాని మీద మళ్లీ మూడు బస్తాలు చల్లి, తర్వాత పైరు పడిపోయిందని, దోమపోటు వచ్చిందని బాధపడతారు. లోహాల విషయంలో కూడా ఇది మంచిది కాదు. అమ్మోనియం రూపంలో నత్రజని తీసుకున్నప్పుడు వేరు చుట్టూ ఆమ్లం ఊరుతుంది, ఆ ఆమ్లంలో కాడ్మియం కరుగుతుంది. నిలిచిన నీళ్లలో దీని ప్రభావం తక్కువ, ఆకుకూరల మడిలో మాత్రం బాగా ఉంటుంది. అమ్మోనియం సల్ఫేట్ ఈ పనిలో యూరియా కంటే ఘాటు. ఆకుకూరలకు తప్పదనుకుంటే కాల్షియం నైట్రేట్ మేలు, ఖర్చు ఎక్కువే కానీ కాల్షియం కూడా వస్తుంది, అది కూడా కాడ్మియంతో పోటీ పడేదే. వరికి ఆకు రంగు చార్టు పెట్టుకుని, పచ్చదనం తగ్గినప్పుడే చిన్న దఫాల్లో వేయండి.

పొటాష్‌లో చాలామందికి తెలియని విషయం ఒకటుంది. మామూలు మ్యూరేట్ ఆఫ్ పొటాష్‌లో క్లోరైడ్ ఉంటుంది. క్లోరైడ్ కాడ్మియంతో కలిసి మట్టికి అంటుకోకుండా తేలిగ్గా వేరు దాకా కదిలే రూపం తయారుచేస్తుంది. దక్షిణ ఆస్ట్రేలియాలో ఉప్పు నీళ్లు పారించిన బంగాళాదుంపలో కాడ్మియం ఎక్కువ రావడానికి కారణం వెతికితే తేలింది ఇదే: మట్టిలో కాడ్మియం ఎంతుందన్న దానికంటే క్లోరైడ్ ఎంతుందన్నదే దుంపలోని కాడ్మియాన్ని బాగా చెప్పింది. మూసీ నీళ్లు ఉప్పగానే ఉంటాయి, మీకు తెలిసిన విషయమే. అందుకని ఆకుకూరల ఎకరంలో సల్ఫేట్ ఆఫ్ పొటాష్ వాడండి. రేటు ఎక్కువే, కానీ ఎకరానికి పడేది కొంచెమే. వరిలో మామూలు పొటాష్ వేసినా పెద్ద తేడా రాదు, మానేయడం మాత్రం వద్దు, పొటాష్ లేని పైరు ఏ ఒత్తిడినైనా సరిగా తట్టుకోదు.

భాస్వరం ఎరువు డీఏపీలోనే కాడ్మియం ఉందట కదా అని మీలాంటి వాళ్లు చాలామంది అడుగుతారు. ఉంటుంది, దాని ముడిరాయి, అంటే రాక్ ఫాస్ఫేట్, ఏ దేశానిది అన్నదాన్ని బట్టి ఉంటుంది. యూరప్ 2022 జూలై నుంచి కిలో భాస్వరానికి, పీ2ఓ5 లెక్కన, 60 మిల్లీగ్రాములకు మించకూడదని హద్దు పెట్టింది. ఆ హద్దు మీదే ఉన్న డీఏపీ బస్తా ఒకటి వేస్తే ఎకరాకు పడేది 1.4 గ్రాముల లోపు. ఇప్పుడు నీళ్ల లెక్క చూడండి. సాగు నీటిలో కాడ్మియం లీటరుకు 0.01 మిల్లీగ్రాము దాకా ఉండొచ్చని ప్రపంచ ఆహార వ్యవసాయ సంస్థ మార్గదర్శకం. ఆ హద్దు మీదున్న నీళ్లు ఒక వరి పంటకు పారిస్తే ఎకరాకు పడేది 48 గ్రాములు! పై ఆరంగుళాల మట్టి ఎకరాకు సుమారు 900 టన్నులు ఉంటుంది కాబట్టి పంటకు 0.05 పీపీఎం, ఏడాదికి రెండు పంటలు, పదేళ్లకు 1 పీపీఎం. హద్దులో ఉన్న నీళ్లతోనే ఇంత. మీ కాలువలో ఎంతుందో పరీక్ష చేస్తేనే తెలుస్తుంది, నేను చెప్పేది ఏమిటంటే డీఏపీ మీద కోపం పెట్టుకుని కాలువను వదిలేస్తే లాభం లేదని. భాస్వరం వల్ల ఒక మేలు కూడా ఉంది, సీసంతో కలిసి అసలు కరగని ఖనిజంగా మారుతుంది, అందుకే సీసం ఉన్న నేలకు భాస్వరం ఒక వైద్యం. కానీ మురుగు నీళ్ల కింద నేలలో భాస్వరం ఇప్పటికే మేటలు వేసి ఉంటుంది, పరీక్షలో ఎక్కువ వస్తే కొత్తగా వేయకండి, జింకుకు అడ్డం పడుతుంది.

వేయాల్సి వస్తే సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ నాకిష్టం. 16 శాతం భాస్వరంతోపాటు 11 శాతం గంధకం, కాల్షియం కూడా ఉంటాయి. గంధకం ఎందుకంటే, మొక్క లోపలికి లోహం వచ్చాక దాన్ని కట్టిపడేసే గ్లూటాథయోన్, ఫైటోకెలాటిన్ల తయారీకి గంధకం కావాలి. వాటితో కాడ్మియాన్ని కట్టి వేరు కణాల్లోని సంచుల్లో దాచుకుంటుంది, పైకి పోనివ్వదు. గంధకం కొరత ఉన్న మొక్క ఈ పని సరిగా చేయలేదు. అయితే మురుగు బాగా దిగిన, సల్ఫైడ్ వాసన వచ్చే మడిలో జిప్సం, సూపర్ గుమ్మరించకండి, వేర్లు ఇంకా నల్లబడతాయి. ఆకుకూరలకు, మెట్టకు ఆ భయం లేదు.

సిలికా విషయంలో మనం అదృష్టవంతులం, రైస్ మిల్లుల మిర్యాలగూడ మన పక్కనే ఉంది, అక్కడి ఊక బూడిదలో సిలికా దొరుకుతుంది. వరి మొక్క సిలికాను బాగా పీల్చుకుని ఆకు, కాండం గోడల్లో పేర్చుకుంటుంది, లోహాలు గోడల్లోనే ఆగిపోయి పైకి పోవడం తగ్గుతుంది. ఆర్సెనిక్ అయితే వరిలోకి దూరేదే సిలికా దారిలో, సిలికా బాగా దొరికితే దానికి చోటు తక్కువ. ఊక బూడిదలో 85 నుంచి 90 శాతం సిలికానే. ఎకరాకు ఒక టన్ను దాకా దమ్ముకు ముందు చల్లి కలియదున్నండి. రెండు జాగ్రత్తలు. తక్కువ మంట మీద కాలిన నల్ల బూడిదే త్వరగా కరుగుతుంది, ఎక్కువ వేడి మీద కాలి గాజులా మారినది ఏళ్లు పట్టినా కరగదు. రెండోది, మిల్లు బాయిలర్‌లో ఊకతోపాటు బొగ్గు కూడా కాలుస్తారేమో కనుక్కోండి, బొగ్గు బూడిదలో లోహాలు ఉంటాయి, ఉన్నవి చాలక ఇంకొన్ని తెచ్చుకున్నట్టవుతుంది. స్టీలు ఫ్యాక్టరీ స్లాగును సిలికా ఎరువని అమ్మితే దాని పరీక్ష రిపోర్టు అడగండి. పైసా ఖర్చు లేని సిలికా మీ గడ్డిలో ఉంది, కనీసం దాన్ని కాల్చకండి.

సున్నం వేయమని యూట్యూబ్‌లో చెప్తారు. ఆమ్ల నేలలున్న కేరళకు, ఈశాన్యానికి అది బంగారం లాంటి సలహా. మన దగ్గర మూసీ కింద పీహెచ్ (నేల ఆమ్లమో క్షారమో చెప్పే అంకె) ఎక్కువ చోట్ల 7.5 దాటే ఉంటుంది, ఇప్పటికే లోహాలు చాలావరకు పట్టుబడి ఉంటాయి, ఇది మన అదృష్టం. ఇంకా సున్నం వేస్తే జింకు, ఇనుము కూడా పట్టుబడతాయి, మళ్లీ మొదటికొస్తాం. ఎర్ర చెల్కలో పీహెచ్ 6.5 కంటే తక్కువ వస్తేనే సున్నం గురించి ఆలోచించండి.

పెంట ఎరువు, జీలుగ, జనుము మంచివే. సేంద్రియ పదార్థం సీసాన్ని, రాగిని బాగా పట్టుకుంటుంది, విషపు క్రోమియంను తక్కువ హాని రూపంలోకి మారుస్తుంది. మూసీ కింద పొలాలకు నేను వద్దనేది సిటీ కంపోస్టు, మురుగు బురద. సిటీ కంపోస్టులో చట్టం ప్రకారమే కిలోకు కాడ్మియం 5, సీసం 100 మిల్లీగ్రాముల దాకా ఉండనిస్తారు, మామూలు నేలకు అప్పుడప్పుడూ వేస్తే ఏమీ కాదు, ఇప్పటికే బరువెక్కిన నేలకు ఎందుకు? కోళ్ల ఎరువులో దాణా నుంచి వచ్చే రాగి, జింకు ఎక్కువ, దాన్నీ మితంగా వాడండి.

ఇక మీకు నచ్చని మాట. ఆ ఎకరం ఆకుకూరలు మార్చండి. ఎన్ని పోషకాలు సర్దినా పాలకూర, తోటకూర లాంటివి కాడ్మియాన్ని ఆకుల్లో పోగేసుకునే జాతులు, మనం తినేది ఆ ఆకులనే. అంతర్జాతీయ ఆహార ప్రమాణాలు పెట్టే కోడెక్స్ కాడ్మియానికి పెట్టిన హద్దు ఆకుకూరల్లో పచ్చి బరువు కిలోకు 0.2 మిల్లీగ్రాములు, బియ్యంలో 0.4. చైనా బియ్యానికి 0.2 పెట్టుకుంది. ఆకుకూరలో ఆ హద్దు దాటడం సులువు. బీర, సొర, బెండ లాంటి కాయల్లోకి చాలా తక్కువ పోతుంది, మొక్క లోపల కాండం, ఆకు దాటి కాయ దాకా వచ్చేసరికి చాలావరకు ఆగిపోతుంది. బంతి, చామంతి అయితే తినే గొడవే లేదు, హైదరాబాద్ పూల మార్కెట్ మీకు దూరం కాదు, బతుకమ్మ, దసరా ముందు రేటు ఎలా ఉంటుందో మీకే బాగా తెలుసు. ఆకుకూరలే పండిస్తానంటే బోరు నీళ్ల మీద, కాలువ నీళ్లు ఎప్పుడూ పారని చెల్కలో వేయండి. కడిగి అమ్మితే సరిపోతుందా అంటే, రోడ్డు దుమ్ముతో ఆకు మీద పడ్డ సీసం కడిగితే పోతుంది, లోపలి కాడ్మియం పోదు. ఆవాలు, పొద్దుతిరుగుడు వేస్తే నేల శుభ్రమవుతుందని కూడా చెప్తుంటారు. కొంచెం లాగుతాయి, నిజమే, కానీ నేల లెక్క మారాలంటే దశాబ్దాలు పడుతుంది, కోసిన మొక్కను మళ్లీ ఎక్కడ పారేస్తారు? పారాగడ్డి వేసి గేదెలకు పెడతానంటే, లోహంలో ఎక్కువ భాగం గేదె కాలేయం, మూత్రపిండాల్లో చేరుతుంది, పాలలోకి వచ్చేది తక్కువ, సున్నా మాత్రం కాదు. కాబట్టి మేపంతా అదే కాకుండా చూసుకోండి.

కాలువ నీళ్లు వదులుకోలేరు, అది నాకు తెలుసు, యాసంగిలో ఎండని కాలువ ఈ జిల్లాలో ఇంకేముంది. కానీ లోహాల్లో ఎక్కువ భాగం నీళ్లలో కరిగి రాదు, బురదకు, మడ్డికి అంటుకుని వస్తుంది. కత్వల (నదికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్టల) వెనక, చెరువుల్లో నీళ్లు నిలిచి మడ్డి దిగే కొద్దీ కిందికి పోయే నీళ్లు తేలిక అవుతాయి, అందుకే నగరానికి దగ్గరున్న పొలాలకు, కింద సూర్యాపేట దాకా ఉన్న పొలాలకు పరిస్థితి ఒకటి కాదు. మీ పొలంలో కూడా ఇదే చిన్నగా జరుగుతుంది, కాలువ నీళ్లు మొదట పడే మడిలో బురద దిగుతుంది, చివరి మడికి పోయేది తేరిన నీళ్లు. వీలైతే మొదట రెండు గుంటల్లో గుంతలాగా వదిలేసి నీళ్లు అందులో తేర్చి పారించండి. ఆ గుంత పూడిక మాత్రం తీసి మళ్లీ పొలంలోనే వేయకండి! చెరువు మట్టి మంచిదని అలవాటు కొద్దీ వేసేస్తారు. వానాకాలంలో వరద వచ్చిన కొత్తలో నురగతో, నల్లగా వచ్చే మొదటి నీళ్లు కూడా రెండు మూడు రోజులు వదిలేయండి.

పరీక్ష గురించి చివరగా. సాయిల్ హెల్త్ కార్డులో ఉండేవి పన్నెండు అంశాలు, అందులో కాడ్మియం, సీసం ఉండవు. అది చూపించి లోహాలు లేవని ఎవరైనా చెప్తే నమ్మొద్దు, ఉన్నాయని చెప్పినా నమ్మొద్దు. కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రంలో అడిగితే ఈ పరీక్ష ఎక్కడ చేస్తారో దారి చూపిస్తారు. మట్టి తీసేటప్పుడు జింకు పూత ఉన్న తట్ట, తుప్పు పట్టిన పార వాడకండి, చెక్క కర్రతో తీసి ప్లాస్టిక్ బకెట్లో కలపండి. పొలమంతా కలిపి ఒకే శాంపిల్ పంపితే ఏమీ తెలియదు. నీళ్లు పడే మొదటి మడి నుంచి ఒకటి, చివరి మడి నుంచి ఒకటి, కాలువ ఎప్పుడూ పారని గట్టు అవతలి చెల్క నుంచి ఒకటి విడివిడిగా పంపండి. మొత్తం లోహం ఒక్కటే కాకుండా డీటీపీఏలో వచ్చేది కూడా అడగండి, మొక్కకు దొరికేది ఎంతో అదే చెప్తుంది. డబ్బులు ఒక్కదానికే ఉంటే మట్టి వదిలేసి, మొదటి మడిలో పండిన బియ్యం అరకిలో పంపండి, ఎందుకంటే మీ ఇంట్లో తినేది అదే. ఆ పసుపెక్కిన మడి మొక్క వేర్లతో సహా పీకి ఫోటో పెట్టండి, జింకు లోపమా కాదా ఇక్కడే చెప్పేయవచ్చు. రిపోర్టు వచ్చాక పీహెచ్, ఈసీ (ఉప్పు ఎంతుందో చెప్పే అంకె), జింకు, భాస్వరం, నీళ్లలో క్లోరైడ్ అంకెలు కూడా ఇక్కడే రాయండి. వానాకాలం దమ్ముకు ముందే వస్తే ఏ ఎరువు ఎన్ని కిలోలు కొనాలో లెక్క కట్టి ఇస్తాను.